యాప్‌లో తొంభై మార్కులు, పాట దగ్గర సున్నా

చెవి సాధనకి ఏ యాప్ వాడాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలే ఈ నెల ఎక్కువ. పాడేవాళ్లు, వాయించేవాళ్లు, మైక్ సెట్ వాళ్లు, ఇంట్లో రికార్డింగ్ చేసుకునే కుర్రాళ్లు రాశారు. పైకి అందరిదీ ఒకే ప్రశ్నలా ఉంది. కానీ ఒకరికి పనికొచ్చేది ఇంకొకరికి దండగ, అందుకే విడివిడిగా జవాబిస్తున్నాను. కొత్త పాఠకులకి నా సంగతి రెండు ముక్కల్లో: చిన్నప్పుడు విజయవాడలో వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో పాటలు రికార్డు చేసి, మిక్స్ చేయడం నా వృత్తి.

ప్రశ్న: మేడమ్, నేను చర్చిలో కీబోర్డ్ వాయిస్తాను. ఫోన్‌లో పర్‌ఫెక్ట్ ఇయర్ యాప్ వేసుకుని ఇంటర్వల్స్ సాధన చేస్తున్నాను. నూటికి తొంభై కరెక్ట్ వస్తున్నాయి. కానీ ఆదివారం ఎవరైనా ఉన్నట్టుండి పాట ఎత్తుకుంటే, నాకు శ్రుతి దొరికేసరికి పల్లవి అయిపోతోంది. ఇంతకంటే మంచి యాప్ ఉందా?
— కీబోర్డ్ వాద్యకారుడు, తెనాలి

జవాబు: మీ యాప్‌కేమీ లోటు లేదు బాబూ. ఆదివారం మీకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి, అది అడిగే ప్రశ్న ఇంకొకటి. అంతే.

ఇంటర్వల్ అభ్యాసంలో రెండు స్వరాలు వినిపించి వాటి మధ్య దూరం ఎంత అని అడుగుతారు. పాటలో స్వరం అలా ఒంటరిగా రాదు, వెనకాల షడ్జమం, అంటే ‘స’, ఎప్పుడూ ఉంటుంది. కీబోర్డ్ ముందు కూర్చుని ఇది చేసి చూడండి. ఒకటో శ్రుతి, అంటే సీ, ఎడమచేత్తో కింద నొక్కి పట్టుకోండి. కుడిచేత్తో స–గ వాయించండి. తర్వాత మ–ద. తర్వాత ప–ని. శంకరాభరణం స్వరాలే. మూడు జతల్లోనూ దూరం సరిగ్గా నాలుగు మెట్లు. యాప్ అయితే మూడింటికీ ‘మేజర్ థర్డ్’ అనే జవాబే ఒప్పుకుంటుంది. మీ చెవికి మాత్రం మూడూ ఒకటిగా ఉండవు. స–గ దగ్గర పాట హాయిగా కూర్చుంటుంది. ప–ని దగ్గర కూర్చోదు, పై షడ్జమం ఎక్కేదాకా ఊరుకోనంటుంది. పాట పట్టుకోవడానికి మీకు కావలసింది ఈ తేడా. నాలుగు మెట్ల లెక్క కాదు.

అందుకని ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్ అనే యాప్ చూడండి. ముందు నాలుగు కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కే గుత్తులు, వాయించి శ్రుతిని చెవిలో నిలబెడుతుంది. తర్వాత ఒక్క స్వరం వినిపించి, అది ఆ శ్రుతిలో ఎన్నోది అని అడుగుతుంది. అందులో 1 నుంచి 7 అంకెలుంటాయి, మీరు స రి గ మ అనుకోండి. జవాబు నొక్కే ముందు ఆ స్వరాన్ని పైకి పాడండి, నోరు మూసుకుని నొక్కితే సగం ఫలితమే. వేరే యాప్ దొరికినా సరే, ప్రశ్న ప్రశ్నకీ శ్రుతి మార్చే సెట్టింగ్ ఉందో లేదో ముందు చూడండి. ఎప్పుడూ సీ లోనే అడిగే యాప్ మీకు అనవసరం.

ఇక్కడితో సగం పని అయింది. యాప్ మీకు కార్డ్స్ వాయించి మరీ షడ్జమం ఇస్తుంది, చర్చిలో ఆ మర్యాద ఎవరూ చేయరు. కాబట్టి మిగతా సగానికి టూల్ మీరే తయారు చేసుకోవాలి. వచ్చే ఆదివారం నుంచి ఎవరు పాట ఎత్తుకున్నా మొదటి రెండు లైన్లు ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటికొచ్చాక కీబోర్డ్ ముట్టుకోకుండా ఒక్కొక్కటీ వినండి. ట్యూన్ ఎక్కడ దిగి ఊపిరి తీసుకుంటోందో ఆ స్వరాన్ని కూనిరాగంగా పట్టుకోండి. తర్వాత ఒక్క వేలితో దాన్ని మెట్ల మీద వెతకండి. కార్డ్ నొక్కకండి. తప్పు కార్డ్ ఒకసారి మోగిందంటే మీ చెవి దానికే లొంగిపోతుంది, ఆ తర్వాత అసలు శ్రుతి వెతకడం రెండింతల కష్టం.

మొదట వినపడిన స్వరమే షడ్జమం అనుకునేవాళ్లు ఎక్కువ. చాలా పాటలు పంచమం (ప) మీదో, గాంధారం (గ) మీదో ఎత్తుకుంటాయి. లైను మొదలు కంటే చివరను నమ్ముకోండి.

వాయిద్యం లేకుండా ఎత్తుకున్నవాళ్లు ఒక్కోసారి నాలుగు శ్రుతికీ నాలుగున్నరకీ మధ్యలో ఎక్కడో పాడుతుంటారు. అప్పుడు మీ చెవి మీద అనుమానం పెట్టుకోకండి. దగ్గరున్న మెట్టు పట్టుకుని నిబ్బరంగా వాయించండి, రెండో లైన్‌కి వాళ్లే మీ దగ్గరకి వస్తారు.

ఇన్నాళ్లూ చేసిన ఇంటర్వల్స్ ఎక్కడికీ పోవు. కోరస్‌కి రెండో గొంతు కట్టేటప్పుడు అవే అక్కరకొస్తాయి.

ప్రశ్న: మాది మైక్ సెట్ షాపు. పెళ్లిళ్లు, సభలు చేస్తాం. మైకు కూత పెడితే ఈక్వలైజర్‌లో ఏ స్లైడర్ దించాలో మా నాన్నగారికి చెవితోనే తెలిసేది. నేను ఒక్కొక్కటీ దించి చూసుకుంటున్నాను. ఈలోపు జనం చెవులు మూసుకుంటున్నారు. సౌండ్‌జిమ్ అనే చెవి సాధన సైట్‌కి నెలనెలా డబ్బు కట్టమంటున్నాడు మా ఫ్రెండ్. కట్టనా?
— మైక్ సెట్ యజమాని, రాజమండ్రి

జవాబు: ఇప్పుడే వద్దు. సౌండ్‌జిమ్ మంచిదే. ఈక్యూ (అంటే ఈక్వలైజర్), కంప్రెషన్, ప్యానింగ్ లాంటి మిక్సింగ్ పనులన్నిటికీ ఆటల్లాంటి పరీక్షలుంటాయి. డబ్బు కట్టకపోయినా రోజూ కొంత ఆడనిస్తుంది. కానీ అది స్టూడియోలో కూర్చుని పాటలు మిక్స్ చేసేవాళ్లని మనసులో పెట్టుకుని చేసింది. మీకు కావలసింది ఒక్కటే: కూత వినపడగానే అంకె తట్టాలి.

మీ ఈక్వలైజర్‌లో 31 స్లైడర్లు ఉండి ఉంటాయి. 31 అంకెలూ ఒకేసారి నేర్చుకోవాలని కూర్చుంటే వారంలో విసుగొస్తుంది. ముందు ఏడే ఏడు, అన్నీ హెర్ట్జ్‌లో: 125, 250, 500, 1000, 2000, 4000, 8000. ఒక్కొక్కటీ ముందుదానికి రెట్టింపు, అంటే ఒక్కో స్థాయి పైకి.

వీటిని గుర్తుపెట్టుకోవడానికి మన అచ్చులు భలే పనికొస్తాయి. లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో పింక్ నాయిస్ తయారు చేయండి, జలపాతం హోరులా ఉంటుంది. దాన్ని కాపీలు చేసుకుని, ఒక్కో కాపీలో ఒక్కో చోట ఈక్వలైజర్‌తో 12 డెసిబెల్స్ లేపండి. 250 దగ్గర లేపితే హోరు ‘ఊ’ అంటుంది. 500 దగ్గర ‘ఓ’. 1000 దగ్గర ‘ఆ’. 2000 దగ్గర ‘ఏ’. 4000 దగ్గర ‘ఈ’. 8000 దగ్గర ‘స్‌స్’. ఇందులో మాయేమీ లేదు. నాలుకనీ పెదాల్నీ కదిపి నోట్లో కొన్ని పౌనఃపున్యాలని (ఫ్రీక్వెన్సీలని) లేపడం వల్లనే మనకి అచ్చులు పుడతాయి. అంకెలు మరీ కచ్చితంగా కుదరవు, దగ్గర దగ్గరగా కుదురుతాయి. మీకు అది చాలు. ఆ ఫైళ్లని షఫుల్‌లో పెట్టి, జీపులో వెళ్తూ వింటూ అంకె పైకి చెప్పండి.

ఏడూ తడబాటు లేకుండా వచ్చాక మధ్యవి కలపండి. 1000కి అటు 800, ఇటు 1250. 2000కి అటు 1600, ఇటు 2500. గొంతు మైకులు ఎక్కువగా కూసేది ఈ చుట్టుపక్కలే కాబట్టి ముందు ఇవి గట్టి చేసుకోండి.

తర్వాత అసలు పరీక్ష. ఫంక్షన్ హాల్లో జనం రాకముందు సామాను కట్టాక, మైకు గెయిన్ మెల్లగా పెంచుతూ పోండి. కూత ఇంకా పుట్టకముందే గదిలో ఒక సన్నటి సాగుడు వినిపిస్తుంది. అక్కడ ఆగి, నోటితో అంకె చెప్పి, ఆ తర్వాతే ఫోన్‌లో స్పెక్ట్రాయిడ్ యాప్ తెరిచి చూడండి. గ్రాఫ్‌లో సూదిలా లేచిన గీత ఎక్కడుందో అదే జవాబు. ముందే యాప్ చూస్తే పని అవుతుంది, చెవికి మాత్రం ఏమీ రాదు. చెయ్యి ఫేడర్ మీదే ఉంచండి, గట్టిగా కూయనివ్వద్దు.

మూడు నాలుగు స్లైడర్లు దించినా కూత ఆగట్లేదంటే ఇక ఈక్వలైజర్ జోలికి పోకండి. గొంతు డొల్లగా తయారవుతుంది తప్ప లాభం లేదు. మైకు స్పీకర్‌కి ఎదురుగా ఉందేమో చూసి, స్పీకర్‌ని ముందుకి జరపండి.

ఇంకో మాట. కూత వేరు, ‘గుయ్’మనే హమ్ వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని హమ్ 50 దగ్గర, దానికి రెట్టింపు 100 దగ్గర వినిపిస్తుంది. 100 హెర్ట్జ్ అంటే మంద్రంలో ఐదో శ్రుతికి కాస్త పైన. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పాడేదీ ఆ స్వరమే. హార్మోనియం వాయించే స్నేహితుడెవరైనా ఉంటే తీసుకెళ్లి వినిపించండి, నవ్వుకుంటారు. హమ్ వస్తే స్లైడర్ దించకండి, ఎర్తింగూ కేబులూ చూడండి.

డబ్బు పెట్టి తీరాలనిపిస్తే ట్రెయిన్‌యువర్‌ఇయర్స్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి. నెలనెలా కట్టక్కర్లేదు, ఒక్కసారి కొంటే చాలు. మన పాటలే అందులో వేసుకోవచ్చు. ఏ పౌనఃపున్యం మారిందో కనుక్కోమనే పద్ధతి ఒకటి. పాడుచేసిన శబ్దాన్ని మీరే సరిచేసి మామూలుగా తేవాలనే పద్ధతి ఇంకొకటి. రెండోది మీ పనికి దగ్గర. దానికంటే ముందు హర్మన్ సంస్థ ఉచితంగా విడుదల చేసిన ‘హౌ టు లిసెన్’ అనే సాధన సాఫ్ట్‌వేర్ దొరికితే ప్రయత్నించండి.

మీ నాన్నగారిని కూర్చోబెట్టి, ఆయన విన్న కూతల్ని నోటితో పలికి, ఏది ఏ స్లైడరో చెప్పమనండి. రికార్డు చేసుకోండి. అంతకంటే మంచి పాఠం నా దగ్గర లేదు.

చివరగా, డోలు సన్నాయి పక్కన నిలబడి గంటలకొద్దీ పనిచేస్తారు కదా. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలుండొచ్చని అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే లెక్క. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. ఇయర్‌ప్లగ్స్ జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: 21 రోజుల్లో పర్‌ఫెక్ట్ పిచ్ నేర్పిస్తాం అని ఆన్‌లైన్ కోర్సు కనిపించింది. ఆఫర్ రేపటితో అయిపోతుందట. చేరనా?
— డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చేరకమ్మా. ఏ ఆధారమూ లేకుండా వినగానే స్వరం పేరు చెప్పగలగడం సాధారణంగా పసితనంలోనే సంగీతం మొదలుపెట్టినవాళ్లలో, అదీ కొద్దిమందిలో కనిపిస్తుంది. పెద్దయ్యాక మూడు వారాల్లో వచ్చేది కాదు. అదీగాక మన సంగీతంలో షడ్జమం గాయకుడు ఎక్కడ పెట్టుకుంటే అక్కడే. దాన్ని బట్టి మిగతావి వినడం వస్తే చాలు. ఆ డబ్బుతో మంచి స్పీకర్ ఒకటి కొనుక్కుని, తంబుర యాప్ పెట్టుకుని పాడుకో. ఆఫర్ సంగతంటావా, అది ఎల్లుండి కూడా ఉంటుంది.

ప్రశ్న: మా పాప తొమ్మిదేళ్లది. చెన్నైలో ఉన్న గురువుగారి దగ్గర జూమ్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. పాడుతుంటే సూది చూపించే ట్యూనర్ యాప్ పెట్టాం. మాయామాళవగౌళ వరసల్లో గాంధారం దగ్గర యాప్ ఎప్పుడూ ‘తగ్గింది’ అంటుంది. గురువుగారేమో బాగుంది అంటారు. పాపకి టెన్షన్, నాకు అయోమయం. ఎవరి మాట వినాలి?
— ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: గురువుగారి మాటే. యాప్ ఎందుకలా అంటోందో కూడా చెబుతాను, పాపకి మీరే వివరించొచ్చు.

ఆ ట్యూనర్ పియానో లెక్కతో నడుస్తుంది. స్థాయిని 12 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగానికి 100 సెంట్లు అంటుంది. ఆ లెక్కలో అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల పైన ఉండాలి. తంబుర దగ్గర కూర్చుని వింటే వేరే గాంధారం వినిపిస్తుంది. మంద్ర షడ్జమం తీగ మీటినప్పుడు, ఎవరూ పాడకుండానే అందులోంచి సన్నగా ఒక గాంధారం లేస్తుంది. ఆ తీగ పౌనఃపున్యానికి అయిదు రెట్లున్న అనుస్వరం అది. లెక్క వేస్తే 386 సెంట్లు. అంటే పియానో గాంధారం కంటే 14 సెంట్లు కింద. పాప తంబురతో కలిపి నిలిపి పాడుతుంటే చెవి దాన్ని అటే లాగుతుంది. సూది ఎడమకి వాలుతుంది. అమ్మాయి బాగా పాడుతోందనడానికి అది గుర్తు కూడా కావచ్చు. పంచమంలో ఈ గొడవ రాదు, 702కి 700, రెండే సెంట్ల తేడా. అందుకే యాప్ అక్కడ పేచీ పెట్టదు.

కాబట్టి ట్యూనర్‌ని షడ్జమ పంచమాలకే పరిమితం చేయండి, మిగతా స్వరాలకి మూసేయండి. రేపు తోడి రాగం దాకా వెళ్తే అక్కడ గాంధారం ఒకచోట నిలబడదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది. ఆ గమకాన్ని సూదితో కొలవబోతే పాప గమకం మానేసి సూదిని నిలబెట్టడం నేర్చుకుంటుంది. నాకు అసలు భయం అదే.

ఇక తంబుర. చాలా ఇళ్లలో ఫోన్ స్పీకర్ మీదే పెడతారు. ఫోన్‌లో మంద్ర షడ్జమం దాదాపు వినపడదు, పైన ఝుమ్మనే మోత ఒక్కటే మిగులుతుంది. ఒక మాదిరి స్పీకర్‌కి కలపండి, లేదా రాడెల్ లాంటి ఎలక్ట్రానిక్ తంబుర తీసుకోండి. శబ్దం పాప గొంతు కంటే తక్కువగా ఉండాలి.

జూమ్‌లో ఇంకో చిక్కుంది. ఆగకుండా మోగే తంబురని అది ఫ్యాన్ చప్పుడులా వెనకాల మోతగా లెక్కగట్టి తీసేస్తుంది. ఒక్కోసారి పాప నిలిపి పాడే దీర్ఘ స్వరాన్ని కూడా మింగేస్తుంది. ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. అవతల గురువుగారిని కూడా ఆన్ చేసుకోమనండి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం ఎలాగూ కుదరదు. ఎవరి తంబుర వాళ్ల దగ్గర, ఒకే శ్రుతిలో ఉండాలి.

సాధన కోసం యాప్ ఏదీ అక్కర్లేదు. తంబుర మోగుతుండగా పాప కళ్లు మూసుకోవాలి, మీరు ఏదో ఒక స్వరం పాడాలి, అదేమిటో పాప చెప్పాలి. మీకు సంగీతం రాకపోతే మరీ మంచిది. అమ్మ తప్పు పట్టుకోవడానికి పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ప్రశ్న: హాస్టల్ గదిలో మిక్సింగ్ నేర్చుకుంటున్నాను. దగ్గర పాతిక వేలు ఉన్నాయి. మంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొననా, ఇయర్ ట్రైనింగ్ సబ్‌స్క్రిప్షన్ తీసుకోనా?
— బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది. పైగా అలాంటి వాటిలో చాలావరకు బాస్ లేపి అమ్ముతారు. 100 హెర్ట్జ్ దగ్గర కంపెనీవాడు ముందే లేపేసి ఉంటే, నువ్వు కనిపెట్టేది ఏముంటుంది? వైరుది, చెవి మొత్తాన్ని మూసేది తీసుకో. సోనీ ఎండీఆర్ 7506, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్, ఇలాంటివి స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాడుతున్నారు. పాతిక వేలూ ఖర్చు కావు. కొన్నాక మార్చకు, దాని గుణం నీ చెవికి అలవాటు కావాలి.

సబ్‌స్క్రిప్షన్ ఆగొచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా చూసుకోవచ్చు. నీకు బాగా తెలిసిన పాట ఒకటి అందులో వేసి, రూమ్మేట్‌ని ఈక్యూలో ఏదో ఒక చోట 6 డెసిబెల్స్ లేపమను. నువ్వు వెనక్కి తిరిగి కూర్చుని చెప్పు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. లేపినప్పుడు మొత్తం శబ్దం కూడా కాస్త పెరుగుతుంది, పెరిగినదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి లేపాక మొత్తం వాల్యూమ్ కొంచెం దించి, రెండూ సమానంగా వినపడేలా పెట్టమను. రేపు ఏ టూల్ కొన్నా ముందు అడగాల్సినవి ఇవే: శబ్దం సమానం చేసి పరీక్ష పెడుతుందా, నా పాటలు వేసుకోనిస్తుందా. రెండూ లేకపోతే దాని జోలికి వెళ్లకు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. భక్తి పాటలు రికార్డు చేస్తుంటాను. ఒక యాప్‌లో చూసుకుంటే 11 వేల హెర్ట్జ్ పైన ఏమీ వినపడలేదు. మా అబ్బాయి 16 వేల దాకా వింటున్నాడు. ఇక ఈ పని మానుకోవాలా?
— రికార్డింగ్ స్టూడియో యజమాని, నెల్లూరు

జవాబు: అక్కర్లేదండీ. వయసుతోపాటు పై చివర ముందు తగ్గడం అందరికీ మామూలే. గొంతులో మాట స్పష్టంగా తెలియడానికి కావలసింది చాలావరకు 5 వేల లోపే ఉంటుంది. మీరు ఇన్నేళ్లుగా విన్న అనుభవమంతా అక్కడే ఉంది. 10 వేల పైన ఏం జరుగుతోందో శబ్దాన్ని గ్రాఫ్‌గా చూపే ఎనలైజర్‌లో చూసుకోండి, చివర్లో ఒకసారి అబ్బాయికి వినిపించి తాళాలు, ‘స’కారాలు గుచ్చుతున్నాయేమో అడగండి.

ఫోన్ యాప్‌తో వినికిడి తేల్చుకోకండి. ఆ ఫలితంలో మీ చెవి ఎంతో, ఇయర్‌ఫోన్ ఎంతో చెప్పలేం. ఒకసారి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకోండి, మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో చెవికీ విడిగా చూస్తారు. ఆ కాగితం స్టూడియోలో దాచుకుంటే, కొన్నేళ్ల తర్వాత మళ్లీ తీయించినప్పుడు పోల్చుకోవచ్చు. ఒక్క చెవిలోనే ఉన్నట్టుండి వినికిడి తగ్గినట్టనిపిస్తే మాత్రం ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ని కలవండి, రికార్డింగ్ వాయిదా వేసి మరీ.